మౌల్మేన్ కొండ మీద అడ్డుచెక్క

రాయపూర్, రైలు కాలనీ
1953 ఆగస్టు 22, శనివారం

అమ్మా భవానీ,

నిన్నూ నా మనవరాలు చిన్నమ్మనూ కళ్ళలో పెట్టుకుని మీ అత్త రాస్తున్నది. కోడలికి ఉత్తరం మొదలుపెడితే పేరుకు ముందు సౌభాగ్యవతి అని రాయడం నాకు నాలుగేళ్ళ అలవాటు. ఇవాళ కూడా చెయ్యి తన దారిన తాను పోయి 'సౌ' అని రాసేసింది. కొట్టివేస్తే ఆ కొట్టివేత నీకు కనబడుతుందని ఆ కాగితం పొయ్యిలో వేసి మరొకటి తీశాను. ఇకమీదట అమ్మా అనే పిలుస్తాను. ఆ పిలుపుకు ఏ లోటూ రాదు.

నీ ఉత్తరం బుధవారం అందింది. కార్ల యజమాని పరదేశి గారి మీద మీ మామ పెట్టించిన అర్జీ అక్కడ బర్మాలో ఉన్న మన దేశపు కచేరీకి చేరిందనీ, అక్కడినుంచి పోలీసులకు వెళ్ళిందనీ, వాళ్ళు మూడుసార్లు వచ్చి పరదేశి గారి కాగితాలు పట్టుకుపోయారనీ, విచారణ తేలేదాకా ఆయన కార్లు రెండూ రోడ్డెక్కకూడదన్నారనీ రాశావు. రెండో కారు అద్దెకు తోలుకునే మీ అన్న రామయ్య పని లేక ఇంట్లో కూర్చున్నాడని రాశావు. "అత్తా, జరిగినదంతా విడమరిచి రాశాను కదా. బ్రేకు తెగిందని మామ ఎక్కడ విన్నారు? మీ అబ్బాయి పోయిన దగ్గరనుంచి మా పొయ్యి మీద ఉడికే బియ్యం పరదేశి గారి ఇంటివే. ఆయన ముఖం ఎలా చూడను?" అని అడిగావు.

ఎక్కడ విన్నారంటే, నా నోట విన్నారు. ఆ అబద్ధం నాది.

మీ మామకు అక్షరం రాదు. తాను పనిచేసే రైలు యార్డులో వ్యాగన్ల మీద నంబర్లు తప్ప ఇంకేమీ చదవలేరు. మిషను బడిలో రెండో తరగతి దాకా చదివిన దాన్ని నేను. ఈ ఇంటికి వచ్చిన ఏ ఉత్తరమైనా నేనే చదవాలి, ఆయన వినాలి. మన భీముడు పోయిన కబురు తంతిలో వచ్చింది. అందులో పోయాడన్న మాట తప్ప ఏమీ లేదు. మూడు వారాలకు నీ పెద్ద ఉత్తరం వచ్చింది. మీ మామ గుమ్మంలో గొంతుక్కూర్చుని "సదువు" అన్నారు. చదివాను. వాన పడుతున్నదని చదివాను. కొండ మీద పగోడాకు వెళ్ళే వాలు రోడ్డులో, ఎత్తు వైపు ముఖం పెట్టి కారు నిలబెట్టాడని చదివాను. తరువాత నువ్వు రాసింది, వెనక చక్రం కింద వాళ్ళ నాన్న పంపిన అడ్డుచెక్క పెట్టి దిగాడని. చక్రం గట్టువైపు తిప్పి నిలబెట్టమని పరదేశి గారు ఎన్నిసార్లు మొట్టి చెప్పినా, మా నాన్న చెక్క ఉండగా తిప్పడం ఎందుకని నవ్వేవాడని. పాచి పట్టిన తడి రోడ్డు మీద ఆ చెక్క జారిందని.

ఆ ముక్కలు పైకి చదవకుండా ఆగిపోయాను. ఎదురుగా ఆయన చేతులు కనబడుతున్నాయి. పట్టాల కింద వేసే పాత స్లీపరు ముక్కను వారం రోజులు చెక్కి, మూలలు గాజుపెంకుతో నున్నగా గీసి, నూనె పట్టించిన చేతులు అవి. "ఏటయ్యింది, సదవవే" అన్నారు. నా నోటికి "బ్రేకు తెగిపోయింది" అని వచ్చింది. అంతే. ఆలోచించి ఆడిన అబద్ధం కాదు. జారిపడేటప్పుడు చెయ్యి దేన్నో పట్టుకుంటుంది చూడు, అలాంటిది. ఆయన "కారెవుడిదే?" అన్నారు. పరదేశిదన్నాను. "బ్రేకు లేని బండి నా కొడుక్కి అద్దెకిచ్చినాడు" అన్నారు. ఆ మాట పట్టుకున్నవారు మళ్ళీ వదలలేదు.

వాడి పాత ఉత్తరాలు అన్నీ నా దగ్గర ఉన్నాయి. తిల్దాలో బియ్యం మిల్లు లారీ మీద నేర్చుకున్న చెయ్యి వాడిది. గీత గీసినట్టుండే నేల మీద తోలినవాడు. మౌల్మేన్ వెళ్ళిన కొత్తలో ఏం రాశాడో నీకు తెలుసా? "అమ్మా, మన రాయపూర్లో బండి ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. ఇక్కడ వదిలితే తిన్నగా రేవులోకి పోతుంది. ఇవి రోడ్లు కావు, గోడకు వేసిన నిచ్చెనలు. పైకి ఎక్కుతూ మధ్యలో ఆగితే ఒక కాలు బ్రేకు మీద, ఒక కాలు క్లచ్చి మీద, ఇంకో కాలు గేసు మీద ఉండాలి. దేవుడు డ్రైవర్లకు కూడా రెండే కాళ్ళు ఇచ్చాడేమిటి? నిన్న ఒక బర్మా ముసలమ్మ నా వెనక కూర్చుని దారి పొడుగునా జపం చేసింది. దిగాక నాకు దండం పెట్టింది. నేను బాగా తోలినందుకో, బతికి దిగినందుకో తెలియదు." ఇది చదివితే మీ మామ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. ఆ వారమే చెక్క మొదలుపెట్టారు. మీ అన్న రామయ్య పెళ్ళిచూపులకు ఇటు వచ్చినప్పుడు గుడ్డలో చుట్టి ఇచ్చి పంపారు.

ఇప్పుడు ఆయనకు నిజం చెప్పాలి. చెప్పకపోతే అన్నం పెట్టిన మనిషి కూడు పోతుంది. చెబితే, నీ చేత్తో చేసిన చెక్కే నీ కొడుకు మీదికి బండిని వదిలిందని చెప్పాలి. నాకు పదిహేను రోజులు టైమియ్యి తల్లీ. పరదేశి గారి కాళ్ళు పట్టుకున్నానని చెప్పు.

చిన్నమ్మకు దగ్గు తగ్గిందా? తమలపాకు వేడి చేసి గుండెకు వెయ్యి.

మీ అత్త,
దాలమ్మ


రాయపూర్
సెప్టెంబరు 14, సోమవారం

తల్లీ భవానీ,

నువ్వు అడగకముందే చెబుతున్నాను. ఇంకా చెప్పలేదు. పదిహేను రోజులన్నదాన్ని ఇరవై దాటించాను. ఒళ్ళు అలిసిపోయింది. పని చేసిన అలసట నిద్రపోతే తీరుతుంది. ఇది లేచేసరికి నాకంటే ముందే లేచి కూర్చుంటుంది.

మొదటిసారి చెబుదామని అన్నం వడ్డించి పక్కన కూర్చున్నాను. నేను నోరు తెరిచేలోపల ఆయనే, "దాలీ, ఆ పరదేశిగాడి బండ్లు ఆపేసినారంట. కచేరీ నుండి మన అర్జీ రాసిన మల్లేశ్వరరావు బాబుకి చిట్టీ వచ్చినాది. భగవాన్ హై" అన్నారు. మూడు నెలల తరువాత ఆ పూట మారు అన్నం అడిగారు. చారు పోసుకుని వేళ్ళు నాకారు. వాడు పోయాక ఆయన ఆకలి చూడటం అదే మొదలు. అంత అన్నం తినే మనిషి నోటి దగ్గర ఆ మాట ఎలా పెట్టను?

రెండోసారి ఆదివారం. యార్డులో ఆయనతో పనిచేసేవాళ్ళు నలుగురు వచ్చి వరండాలో కూర్చున్నారు. వీళ్ళంతా అర్జీ మీద వేలిముద్రలు వేసినవాళ్ళే. మీ మామ తిల్దా వ్యాగను కథ ఎత్తుకున్నారు. నీ పెళ్ళిలో కూడా చెప్పారు, నువ్వు వినే ఉంటావు. బియ్యం వేసిన వ్యాగను ఒకటి గొలుసు ఊడి మిల్లు గేటు వైపు దొర్లుతుంటే, అక్కడ కూలీ ఆడవాళ్ళు బస్తాలు కుడుతుంటే, ఈయన చెక్క పట్టుకుని పరుగెత్తి దాన్ని ఆపిన కథ. "ఎదురెల్లినాను. రొమ్ము తగిలేంత దగ్గిర. సక్రం కింద సెక్క ఎట్టినాను. కుయ్యిమని ఆగినాది" అని లేచి నిలబడి చేసి చూపించారు. భీముడు మూడేళ్ళప్పటినుంచి ఒళ్ళో కూర్చుని విన్న కథ అది. వాడు పీట కింద పుల్ల పెట్టి "ఎదురెల్లినాను" అని గంతులేసేవాడు.

నువ్వు రాసిన ఉత్తరంలో చివర ఉంది కదా. చెక్క జారి కారు వెనక్కి దొర్లింది. దిగువన బుట్ట దింపుకుంటున్న ముసలామెను వాడు పక్కకు తోశాడు. ఆమె తప్పుకుంది, తాను కూడా తప్పుకోవచ్చు, చోటు ఉంది. కాని జారిన చెక్క తీసుకుని, దొర్లి వస్తున్న కారుకు ఎదురుగా పోయి వంగాడు. "ఎందుకు ఎదురెళ్ళాడో మాకు ఎవరికీ అర్థం కాలేదు అత్తా" అని రాశావు. నాకు అర్థమైంది. ఆ ఆదివారం వరండాలో మీ మామ చేసి చూపిస్తుంటే ఇంకా బాగా అర్థమైంది. నేను లోపలికి పోయి బియ్యం డబ్బా మీద కూర్చున్నాను.

పక్క క్వార్టరు తాయారమ్మ తెలుసు కదా, అర్జీ ఇంగ్లీషులో రాసిన మల్లేశ్వరరావు గారి భార్య. గూడ్సు ఆఫీసు గుమాస్తా పెళ్ళాం, కళ్ళు కాకి కళ్ళు. "వదినా, నీ కోడలి ఉత్తరం వచ్చిన రోజున నువ్వు మీ ఆయనకు చదివేది ఒకటి, పెరట్లో కూర్చుని ఏడ్చేది ఇంకోటి. రెండు ఉత్తరాలు రాస్తుందా ఏమిటి ఆ పిల్ల?" అంది. దాచలేకపోయాను. అంతా చెప్పాను. నవ్వే మనిషి నవ్వలేదు. ఆ మాట మల్లేశ్వరరావు గారి చెవిన వేసి, చడీచప్పుడు లేకుండా అర్జీ వెనక్కి తీయించమని బతిమాలాను. మర్నాడు ఆవిడ వచ్చి, "అలా కుదరదట వదినా. వేలిముద్ర వేసినవాడే మళ్ళీ వేలిముద్ర వేసి వద్దనాలట. 'నేను రాసే గుమాస్తాని గాని కొడుకు పోయిన తండ్రిని కాదు' అన్నాడు మా ఆయన" అని చెప్పింది.

కాబట్టి నేను తప్ప దారి లేదు. ఇంట్లో చెప్పలేను. ఇంట్లో ప్రతి గోడకూ వాడు ఆనుకుని ఉన్నాడు.

మీ అత్త,
దాలమ్మ


రాయపూర్
అక్టోబరు 11, ఆదివారం

అమ్మా భవానీ,

చెప్పాను.

మన తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం వచ్చిందని కాలనీలో పప్పుబెల్లాలు పంచిన వారం అది. అందరి గుమ్మాలకూ మామిడాకులు కట్టారు. మన గుమ్మానికి ఏడాది తిరగలేదు కనుక కట్టలేదు. సోమవారం పదకొండు గంటలకు అన్నం కారియరు పట్టుకుని యార్డుకు వెళ్ళాను. నీ మొదటి ఉత్తరం జాకెట్టులో పెట్టుకున్నాను. మీ మామ కేబిను పక్క నీడలో కూర్చుని చెప్పులో రాయి దులుపుతున్నారు.

"మజ్జిగ తెచ్చినావా?" అన్నారు.

"తెచ్చినాను. ముందొక మాట ఇను. ఇన్నాక తిను."

"తిన్నాక ఇంతాను. ఆకలి, భూక్ లగీ హై."

"తిన్నాకైతే నేను సెప్పలేను" అన్నాను.

నా ముఖం చూసి కారియరు కింద పెట్టారు. "బ్రేకు తెగలేదు. కారు బాగానే ఉంది. నేను ఉత్తరం తప్పు సదివినాను. కావాలనే తప్పు సదివినాను" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. అర్థం కాలేదు. "మరైతే ఏటి రాసుంది?" అన్నారు, అప్పుడే వచ్చిన ఉత్తరం గురించి అడిగినట్టు. కాగితం తీసి మొదటినుంచి ఒక్క ముక్క వదలకుండా చదవడం మొదలుపెట్టాను. అడ్డుచెక్క పెట్టి దిగాడు అన్న చోటికి వచ్చేసరికి ఇంజను కూత వేసింది. తిల్దా నుంచి బియ్యం వ్యాగన్లు వచ్చాయి. ఆయన లేచి, "ఉండు" అని వెళ్ళిపోయారు.

నేను అక్కడే నిలబడ్డాను. నాలుగు వ్యాగన్లు విడదీసి పక్క లైనులోకి తోయించారు. ఒక్కొక్క దాని చక్రం కింద చెక్క పెట్టి, కాలితో రెండుసార్లు తన్ని చూశారు. ఎప్పుడూ చేసేటట్టే, తొందర లేకుండా. ఆయనతో పనిచేసే ఛత్తీస్‌గఢీ మనిషి నన్ను చూసి, "కా హోగే దాయీ, ఏం జరిగింది?" అని అడిగితే ఏమీ లేదన్నాను. మీ మామ తిరిగి వచ్చి, కూర్చోకుండా, "సదువు" అన్నారు. చివరిదాకా చదివాను.

"తడి రోడ్డా?"

"తడి. పాచి కూడా ఉందని రాసింది."

"పట్టా మీద సెక్క కరుసుకుంతాది. పాచి మీద ఏటి కరుసుకుంతాది? నాకా రోడ్డు తెలవదు. తెలవకండా సేసినాను." కాగితం వైపు వేలు చూపించి, "సెక్క జారితే జారినాది. ఎదురెందుకెల్లినాడే? పక్కకి తప్పుకోడానికి చోటున్నాదని రాసింది గదా?" అన్నారు.

నేను చెప్పనక్కరలేకపోయింది భవానీ. అడిగిన ఆయనకే జవాబు తట్టింది.

"నానెల్లలేదే" అన్నారు.

ఏమిటన్నాను.

"తిల్దాలో ఎదురెల్లలేదే నాను. ఎవుడైనా దొల్లీ వ్యాగనుకి ఎదురెల్తాడేటి? పిచ్చోడు కూడా ఎల్లడు. పక్కన పరిగెట్టి, పక్క నుండి తోసినాను సెక్క. పన్లో జేరిన మొదటి రోజునే జమాదారు సెప్తాడు, పక్క నుండే ఎట్టాలని. ఎదురెల్లినానని సెప్తే వొరండాలో అందరూ నోరెల్లబెట్టి ఇంతారని అలగ సెప్పినాను. ఇరవై ఏళ్ళు సెప్పినాను. గుంటడు కళ్ళింత సేసుకుని ఇనీవోడు. ఆడికొక్కడికైనా నిజం సెప్పుంటే..."

పెళ్ళై ముప్పై ఏళ్ళు. ఆ కథ నేనూ నమ్మాను. ఆయనకు ఇంతకంటే పెద్ద దెబ్బ నేను కొట్టలేననుకున్నాను. నేను తెచ్చినదానికంటే పెద్దది ఆయన దగ్గరే ఉందని నాకు తెలియదు.

అన్నం ముట్టలేదు. మట్టికాళ్ళతో తిన్నగా గూడ్సు ఆఫీసుకు నడిచారు. నేను వెనకాల వెళ్ళాను. మల్లేశ్వరరావు గారి బల్ల ముందు పదిమంది ఉన్నారు. వాళ్ళందరి ముందూ, "బాబూ, అర్జీ ఎనక్కి తియ్యండి. బ్రేకు బాగానే ఉందంట. ఆ పరదేశి తప్పేటీ లేదు" అన్నారు.

"అదేమిటయ్యా నూకరాజూ, అర్జీ అంటే అట్టా, ఇటు కాల్చి అటు తిప్పడానికి?" అన్నారు మల్లేశ్వరరావు గారు. ఆయనకు సంగతి ముందే తెలుసు కదా, అందరి ఎదటా బయటపడనివ్వకుండా తేలిక చెయ్యాలని చూశారు. "సరేలే, కబురు పొరపాటుగా అందిందని రాస్తాను."

"పొరపాటు కాదు బాబూ. నా ఆడది అబద్ధం సదివినాది. నాను అబద్ధం సెప్పినాను. రెండూ రాయండి."

రెండూ రాయలేదు, కబురు తప్పని మాత్రమే రాశారు. మీ మామ వేలిముద్ర వేశారు. మొదట వేలిముద్రలు వేసిన నలుగురినీ ఇంటింటికీ తిరిగి పిలుచుకువచ్చి వేయించారు. అందులో ఒకరు, "మనం వేసిన ముద్ర మనమే ఉమ్మేసుకోవాలా భయ్యా?" అంటే, "ఉమ్మేసుకోవాల" అన్నారు. ఆ కాగితం మంగళవారం పోస్టులో వెళ్ళింది. ఈ ఉత్తరానికి ముందే కచేరీకి చేరవచ్చు. పరదేశి గారి కార్లు ఇంకా వదలకపోతే వెంటనే రాయి, మళ్ళీ రాయిస్తాం.

ఆ తరువాత ఆయన నాతో మాట్లాడలేదు. కోపంగా కూడా చూడలేదు. కంచం పెడితే తిన్నారు. నిన్న మధ్యాహ్నం మాత్రం కాగితం తెమ్మన్నారు. "నాను సెప్పింది సెప్పినట్టు రాయి. నీ సొంతం ఒక్క ముక్క ఎట్టకు" అన్నారు. అది వేరే కాగితం మీద రాశాను, ఇందులోనే మడిచి పెట్టాను. పరదేశి గారికి నువ్వు చదివి వినిపించు. నీకు ముందే తెలియాలి కనుక అందులో ఉన్నది ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"పరదేశి అన్నకి నూకరాజు దండం. నీ బండి తప్పు లేదు. నువ్వు సెప్పింది నా కొడుకు ఇనలేదు, నాను సెప్పింది ఇన్నాడు. నాను సెప్పింది తప్పు. నీ నోటికాడ కూడు తీసినాను. ఇంతకు మించి మాట నాకు రాదు. రామయ్యకి: బాబూ, బండి నిలబెట్టినపుడు సక్రం గట్టు వేపు తిప్పు. అన్నగారు ఎలగ సెప్తే అలగ సెయ్యి. బండి దొల్లిందంటే ఒగ్గెయ్. బండి పోతే పోద్ది."

రాసి చదివి వినిపించాను. విన్నారు. కాగితం నా చేతిలోంచి తీసుకుని తాయారమ్మ ఇంటికి వెళ్ళారు. నేను వాళ్ళ గుమ్మం బయట నిలబడ్డాను. ఆవిడ చేత మొదటినుంచి చివరిదాకా చదివించుకున్నారు. ఒక చోట ఆపి, ఆ ముక్క మళ్ళీ చదవమన్నారు. రాసింది రాసినట్టే ఉందని తేలాక తెచ్చి నాకు ఇచ్చారు. ఆవిడ నా వైపు చూడలేక, ఉత్తి పొయ్యిలోకి ఊదుతూ కూర్చుంది. నాకు చిన్నతనం అనిపించలేదు తల్లీ. ముప్పై ఏళ్ళు నా నోటిని కళ్ళలాగా వాడుకున్న మనిషి ఆయన. ఆ కళ్ళు ఒకసారి మోసం చేశాయి. మళ్ళీ ఎలా నమ్ముతారు?

ఇకమీదట నీ ఉత్తరాలు తాయారమ్మ చదువుతుంది. ఆయన అలా అన్నారు, నేను సరేనన్నాను. నాకు విడిగా ఏదైనా రాయాలనిపిస్తే రాయకు. ఆయన వినేటట్టే రాయి. చిన్నమ్మ ఏం తింటున్నదో, ఏం మాటలు నేర్చిందో, నువ్వు ఎలా ఉన్నావో, బాగుంటే బాగున్నానని, బాగులేకపోతే బాగులేనని రాయి.

మీ అత్త,
దాలమ్మ